చూడని అత్తారిల్లు

తెలుగు టీవీలో సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాటేదాకా నడిచే కథల్లో ఎక్కువ భాగం ఒక ఇంట్లోనే జరుగుతాయి. అత్త, కోడలు, ఆడబిడ్డ, తోడికోడళ్లు, నోరు మెదపని మామగారు, తల్లికీ పెళ్లానికీ మధ్య నలిగే కొడుకు, వీళ్లందరి నడుమ దాచిపెట్టిన నిజం ఒకటి. 1995లో జెమిని, ఈటీవీ మొదలైనప్పటి నుంచి ఈ కుటుంబం తెలుగిళ్లలోకి రోజూ వస్తూనే ఉంది. 1990ల చివర దూరదర్శన్‌లో మంజులా నాయుడు తీసిన ‘ఋతురాగాలు’, తర్వాత జెమినిలో ఆమెవే ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’, స్టార్ మాలో 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా నడిచిన ‘కార్తీక దీపం’ చూస్తూ రెండు తరాల పిల్లలు పెద్దవాళ్లయ్యారు.

సీరియళ్లు తీసేది ముఖ్యంగా ఇంటి ఆడవాళ్ల కోసం. మధ్యలో వచ్చే సబ్బులు, మసాలాలు, బంగారం ప్రకటనలూ వాళ్ల కోసమే. అయితే పన్నెండు దాటి ఇరవై నిండని పిల్లలు అదే గదిలో అన్నం తింటారు, అక్కడే హోంవర్కు చేసుకుంటారు. పెళ్లంటే ఏమిటి, మొగుడు అనుమానిస్తే ఏం చేయాలి, అత్తారింట్లో ఎలా మసలుకోవాలి అన్న ప్రశ్నలు వాళ్లకు ఇంకా ఎదురు కాలేదు. అవి ఎదురయ్యేనాటికి జవాబులు ముందే మనసులో కూర్చుని ఉంటాయా, ఉంటే వాటిలో సీరియల్ వాటా ఎంత అన్నదే ఇక్కడి విషయం.

సత్తెనపల్లి 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. చుట్టూ పత్తి, మిరప. పత్తి తీతలు మొదలైంది మొదలు మిరప కోతలు ముగిసేదాకా పొలం పనికి వెళ్లే తల్లి తెల్లవారకముందే కూలీల ఆటో ఎక్కుతుంది. కల్లంలో కాయ ఆరినన్నాళ్లూ తండ్రి రాత్రిళ్లు కాపలాకు అక్కడే పడుకుంటాడు. పిల్లల చదువుల కోసం పల్లె నుంచి పట్టణానికి మారిన కుటుంబాల్లో నాయనమ్మ, తాతయ్య ఊళ్లోనే ఉండిపోతారు. సాయంత్రం ఇంట్లో మిగిలేది పిల్లలూ టీవీయే. ఇలాంటి చోట సీరియల్ మీద గట్టిగా వినిపించే రెండు వైఖరులను ఇద్దరి నోట పెట్టి చూడవచ్చు. ఒకరు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే టీచరు. మరొకరు అదే వీధిలో పెరిగి, హైదరాబాదులో సీరియళ్లకు మాటలు రాసే రచయిత. వయసులో టీచరు పెద్ద. పిలుపులు అక్కయ్యా, తమ్ముడూ అన్నవే.

టీచరు: తమ్ముడూ, సీరియల్ చూసి పిల్లలు చెడిపోతున్నారని నేననను. ఆ మాట సినిమా మీదా అన్నారు, నవల మీదా అన్నారు. నా ఫిర్యాదు వేరు. ఆడపిల్లకు మీరు ఒకే ఒక్క సుగుణం చూపిస్తున్నారు, ఓర్చుకోవడం. కష్టం పెట్టే మనిషి సీరియల్‌కొకరు మారతారు, ఓర్చుకునేది మాత్రం ఎప్పుడూ కోడలే. ఏళ్ల తరబడి ఓర్చుకున్నాక ఇంటి తాళాలు చేతికిస్తారు. పద్నాలుగేళ్ల పిల్ల దాన్ని కథ అనుకోదు, పద్ధతి అనుకుంటుంది.

రచయిత: ఆ పద్ధతిని మేం పుట్టించలేదు కదా, అక్కయ్యా. టీవీ లేని రోజుల్లో ఈ ఊళ్లో ఆడవాళ్లు ఓర్చుకోలేదా? కొట్టినా కాపురం నిలబెట్టుకోవాలని తల్లులే కూతుళ్లకు చెప్పి పంపలేదా? మేం రాసే కోడలు ఆ తల్లుల మాటల్లోంచే వచ్చింది. అందుకే వాళ్లు ఆమెను గుర్తుపడతారు.

రచయిత చెప్పినదానికి లెక్కల్లో ఆధారం ఉంది. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లకు ఏడు సందర్భాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం న్యాయమేనా అని అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినీ పిల్లలనూ పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడటం, పడకకు ఒప్పుకోకపోవడం, వంట సరిగ్గా చేయకపోవడం, శీలం మీద భర్తకు అనుమానం రావడం, అత్తమామలకు మర్యాద ఇవ్వకపోవడం, ఇవీ ఆ ఏడు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 84 శాతం ఆడవాళ్లు వీటిలో ఏదో ఒకదానికి కొట్టడం న్యాయమేనన్నారు. తెలంగాణలోనూ దాదాపు అంతే. దేశం మొత్తం మీద ఎక్కువమంది చెప్పిన కారణం అత్తమామలకు మర్యాద ఇవ్వకపోవడం. ఇంత లోతున పాతుకున్న అభిప్రాయాన్ని పాతికేళ్ల సీరియళ్లు ఒంటరిగా పుట్టించాయనడం కుదరదు.

టీచరు: పుట్టించలేదని ఒప్పుకుంటాను. కానీ ఆ ఏడు కారణాలు మళ్లీ చదువు తమ్ముడూ. మీ కథల్లో మలుపులన్నీ వాటి మీదే తిరుగుతాయి. కోడలు చెప్పకుండా బయటికి వెళ్లింది, అత్తకు ఎదురు చెప్పింది, ఎవరితోనో మాట్లాడుతుంటే మొగుడు చూశాడు. ఆమె తప్పు చేయలేదని నిరూపించడానికి మీరు వంద ఎపిసోడ్లు తీస్తారు. తప్పు చేసినా చేయకపోయినా చెయ్యెత్తే హక్కు వాడికి లేదని చెప్పడానికి ఒక్క ఎపిసోడ్ తీయరు. ‘నేను ఏ తప్పూ చేయలేదండీ’ అని ఆమె ఏడుస్తుంటే, తప్పు చేసినదాన్ని కొట్టొచ్చన్నమాట అని పిల్ల మనసులో రాసుకుంటుంది.

ఈ సంవాదంలో టీచరు వాదనకు బలమంతా ఇక్కడే ఉంది. సీరియల్ హింసను మెచ్చుకోదు, హింస చేసేవాడిని చివరికి ఏడిపిస్తుంది కూడా. అయినా కథ ప్రశ్నను ఎక్కడ నిలబెడుతుందన్నది ముఖ్యం. నాయిక నిర్దోషా కాదా అన్నదే ప్రశ్నగా మిగిలితే, దోషికి పడే శిక్ష గురించి ఎవరూ అడగరు.

రచయిత: మీరు ఆడవాళ్లందరినీ కలిపి మాట్లాడుతున్నారు. పిల్లల సంగతి వేరు. ఇప్పుడు ఇంటికి ఇద్దరు పిల్లలు, కొన్నిచోట్ల ఒక్కరే. మేనత్త హైదరాబాదులో, బాబాయి బెంగళూరులో. తోడికోడళ్లు ఒకే వంటింట్లో నిలబడటం ఆ పిల్ల ఏ సంక్రాంతికో తప్ప చూడదు. సీరియల్ ఆమెకు చుట్టాలను ఇస్తోంది. వదిన అంటే ఏమిటి, తోడికోడలితో పంపకం ఎలా ఉంటుంది, ఇవన్నీ తెలిసేది అక్కడే.

టీచరు: నా భయమూ సరిగ్గా అదే. కళ్లతో చూసినదాన్ని సీరియల్ మార్చలేదు. చూడనిదాన్ని సీరియలే నింపుతుంది. అమ్మ ఎలా ఉంటుందో సీరియల్ చెబితే పిల్ల నమ్మదు, ఇంట్లో అమ్మ ఉంది. అత్తగారి విషయంలో పోల్చుకోవడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. పెళ్లిచూపుల నాటికే అత్తను శత్రువనుకుని భయపడే పిల్లలున్నారు. ఆ అత్తగారూ ఇన్నేళ్లు అవే సీరియళ్లు చూసి, వచ్చే కోడలు కొడుకును విడదీస్తుందనే భయంతో ఎదురుచూస్తుంటుంది. ఇద్దరూ ఒకరినొకరు చూడకముందే ఒకరికొకరు తెలుసు.

రాష్ట్రంలో సంతాన రేటు ఇదే ఐదో సర్వే ప్రకారం 1.7. అంటే ఇప్పుడు కౌమారంలో ఉన్న పిల్లలు తెలుగు నేల మీద ఇంతవరకు లేనంత చిన్న కుటుంబాల్లో పెరుగుతున్నారు. తెర మీది కుటుంబం మాత్రం తగ్గలేదు, ఒకే కప్పు కింద మూడు తరాలు ఉండాల్సిందే. నిజం ఇల్లు చిన్నదయ్యేకొద్దీ తెర మీది ఇంటికి నమ్మకం పెరుగుతుంది, పోల్చి చూడటానికి మరో ఇల్లు లేదు గనక. అమెరికాలో జార్జ్ గెర్బ్నర్ 1960ల చివర నుంచి చేసిన పరిశోధన కూడా ఇలాంటి మాటే చెప్పింది. టీవీ ఎక్కువసేపు చూసేవాళ్లు లోకాన్ని ఉన్నదానికన్నా ప్రమాదకరంగా ఊహించుకుంటారని ఆయన వాదన. ఇతరుల మీద నమ్మకం తగ్గడం ఆయన గమనించిన ఫలితాల్లో ఒకటి.

వాదం ‘కార్తీక దీపం’ మీదికి మళ్లుతుంది. మలయాళ సీరియల్ ‘కరుత్తముత్తు’కు ఇది తెలుగు రూపం. నల్లని రంగున్న దీప, డాక్టరు కార్తీక్ పెళ్లి చేసుకుంటారు. అతని మీద ఆశపడ్డ మోనిత అబద్ధపు పరీక్షతో అతనికి పిల్లలు పుట్టరని నమ్మిస్తుంది. దీప గర్భవతి అయితే అతను అనుమానిస్తాడు. ఆమె ఇల్లు వదిలి, వంటలు చేసుకుంటూ కూతుర్ని పెంచి, ‘వంటలక్క’గా తెలుగువాళ్లందరికీ తెలిసిన మనిషవుతుంది.

రచయిత: దీపను మీరు ఓర్చుకునే కోడలంటే నేనొప్పుకోను. ఆమె కాళ్లావేళ్లా పడి ఆ ఇంట్లోనే ఉండిపోలేదు. బయటికి వచ్చి తన చేతులతో సంపాదించింది. రంగు తక్కువని చిన్నచూపు చూసిన అత్తగారు సౌందర్య తర్వాత కొడుకును కాదని కోడలి పక్కన నిలబడింది. నల్లగా ఉన్నందుకు బడిలో మాటలు పడే పిల్లలకు ఆ సీరియల్ ఎంత ధైర్యమిచ్చిందో మీ తరగతిలోనే అడగండి. అన్నేళ్లు ఒక నల్లటి అమ్మాయి రాష్ట్రంలో అందరికన్నా ఎక్కువమంది చూసిన కథానాయిక. ఏ తెలుగు సినిమా ఆ పని చేసింది?

టీచరు: రంగు సంగతి పూర్తిగా ఒప్పుకుంటాను, అది మంచి పనే. అనుమానం సంగతి చెప్పు. అతను డాక్టరు. ఎవరి పిల్లలో తేల్చే డీఎన్‌ఏ పరీక్ష ఉందని అతనికి తెలుసు. చూసేవాళ్లందరూ అదే అడిగారు. అయినా ఏళ్లకేళ్లు ఆ పరీక్ష జరగలేదు. 2017లో ఆరో తరగతిలో చేరిన పిల్ల ఈ సీరియల్ అయ్యేసరికి ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉంది. ఆమె కౌమారమంతా ఒక మగవాడు అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగకుండా, ఒక ఆడది చెప్పాల్సిన ఒక్క మాట చెప్పనివ్వకుండా గడిచింది. మొగుడూపెళ్లాం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే సర్దుకునే విషయాలుంటాయని ఆ పిల్లకు ఎవరు చెప్పాలి?

రచయిత: వాళ్లు మాట్లాడుకుంటే కథ అక్కడే అయిపోతుంది. అది మా పనిలో ఉన్న ఇబ్బంది. సోమవారం నుంచి శనివారం దాకా రోజూ ఎపిసోడ్ ఉండాలి. గంటకు పన్నెండు నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదని నిబంధన, కాబట్టి అరగంటలో ఇరవై నిమిషాలకు పైనే కథ కావాలి. ఎంతమంది చూశారో చెప్పే బార్క్ సంస్థ లెక్కలు వారం వారం వస్తాయి. ఒక గొడవకు రేటింగు పెరిగితే ఆ గొడవ ఇంకో నెల సాగాలి. సర్దుబాటుకు రేటింగు రాదు. నిజం తెలిసిన మనిషి చెప్పబోతుంటే ఫోన్ మోగాలి, లేదా కళ్లు తిరిగి పడిపోవాలి. అది రాసేవాళ్లకు సరదా కాదు.

ఇక్కడ రచయిత తన పని సాగే తీరును దాచకుండా చెప్పాడు. సీరియల్ చెప్పే విలువల్లో కొన్ని ఎవరూ కావాలని పెట్టినవి కావు, ముగింపు లేని రూపంలోంచి అవే పుట్టుకొస్తాయి. కథ ఆగకూడదంటే అపార్థం తీరకూడదు, అపార్థం తీరకూడదంటే ఎవరూ నోరు విప్పకూడదు. మౌనం త్యాగమవుతుంది, నిలదీయడం గయ్యాళితనమవుతుంది. బ్రెజిల్‌లో పరిస్థితి దీనికి భిన్నం. అక్కడి టీవీ సీరియల్ ‘నొవెలా’ కొన్ని నెలల్లో ముగుస్తుంది, తప్పు చేసినవాడికి ఏమైందో అదే ఏడాది తెలుస్తుంది.

రచయిత: బ్రెజిల్ సీరియళ్ల ఫలితమూ వినండి. లా ఫెరారా, చాంగ్, డుర్యేయా అనే ఆర్థికవేత్తలు 2012లో ప్రచురించిన అధ్యయనం ఉంది. గ్లోబో చానల్ సీరియళ్లలో యాభై ఏళ్లలోపు ప్రధాన స్త్రీ పాత్రల్లో 72 శాతం మందికి పిల్లలే లేరు. ఆ చానల్ చేరిన ప్రాంతాల్లో ఆడవాళ్లు తక్కువమందిని కన్నారు. ప్రభుత్వం ప్రచారం చేయలేదు, సీరియల్ చేసింది. మన దేశంలో జెన్సెన్, ఆస్టర్ 2001 నుంచి 2003 దాకా ఐదు రాష్ట్రాల్లో 180 పల్లెలు చూశారు. కేబుల్ టీవీ వచ్చిన పల్లెల్లో భార్యను కొట్టడం సరైనదే అనేవాళ్లు తగ్గారు, కొడుకే కావాలనేవాళ్లు తగ్గారు, తన పనులకు తానే నిర్ణయం తీసుకునే ఆడవాళ్లు పెరిగారు. అప్పుడు కేబుల్‌లో ఎక్కువగా చూసేది అత్తాకోడళ్ల సీరియళ్లే.

టీచరు: ఆ ఐదు రాష్ట్రాల్లో మనది లేదు. వాళ్లు కొలిచింది కేబుల్ రావడాన్ని, ఒక సీరియల్‌ను కాదు. కేబుల్‌తో వార్తలొచ్చాయి, పట్నం ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళ్లడం కనిపించింది, పల్లె దాటి లోకం ఉందని తెలిసింది. అసలు తెర లేని ఊరికి తెర రావడం మంచే చేసి ఉంటుంది. సత్తెనపల్లి పిల్లలు పుట్టేటప్పటికే తెర ఉంది. వాళ్ల సంగతి కొలవాలంటే తెర మీద ఏముందో చూడాలి.

ఈ విషయంలో మన దేశపు తొలి అనుభవం ఇద్దరి మాటకూ కొంత మద్దతిస్తుంది. 1984 జులై నుంచి 1985 డిసెంబరు దాకా దూరదర్శన్‌లో నడిచిన ‘హమ్ లోగ్’ను మెక్సికోలో మిగెల్ సబిదో రూపొందించిన పద్ధతిలో, కుటుంబ నియంత్రణ, స్త్రీల స్థితి గురించి చెప్పాలనే తీశారు. ఎపిసోడ్ చివర నటుడు అశోక్‌కుమార్ వచ్చి జరిగినదాని మీద ప్రేక్షకులతో మాట్లాడేవాడు. ఆయనకు ఉత్తరాలు వెల్లువెత్తాయి, రాసినవాళ్లలో యువత ఎక్కువ. అయితే మొదటి వారాల్లో ఉపదేశం ఎక్కువై జనం పెదవి విరిచారు, కథను మార్చాల్సి వచ్చింది. పైగా అన్నీ భరించే తల్లి భాగవంతిని హెచ్చరికగా చూపాలనుకుంటే, చాలామంది ప్రేక్షకులు ఆమెనే ఆదర్శంగా తీసుకున్నారు. అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ ఈ సీరియల్‌ను వివరంగా అధ్యయనం చేశారు. తీసినవాళ్ల ఉద్దేశం ప్రేక్షకుడికి చేరుతుందన్న హామీ లేదని అప్పుడే తేలింది. అశోక్‌కుమార్ చేసిన పని, అంటే కథ అయ్యాక ఒక పెద్దమనిషి దాని గురించి మాట్లాడటం, తర్వాతి సీరియళ్లు వదిలేశాయి. తెలుగు సీరియళ్లకు ఇది నిజమైన నష్టం.

టీచరు చేసే రెండో ఆక్షేపణ చట్టానికి సంబంధించింది. కౌమార వయసు పిల్లలకు ఇది అన్నిటికన్నా దగ్గరిది.

టీచరు: కోడలిని పెట్టెతో సహా గుమ్మం బయటికి నెడతారు, వర్షంలో నిలబెడతారు. ఎన్ని సీరియళ్లలో చూశామో లెక్కలేదు. 2005 గృహహింస చట్టం ప్రకారం ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. ఆ ఇల్లు అత్తమామల పేరు మీద ఉన్నా ఆ హక్కు వర్తించవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. బయటికి నెట్టిన మర్నాడు ఏ కోడలైనా రక్షణ అధికారి దగ్గరికి వెళ్లిందా మీ కథల్లో? ఇంకొకటి. బలవంతంగా తాళి కట్టేస్తే పెళ్లయిపోయినట్టే చూపిస్తారు. ముసుగులో పెళ్లికూతురు మారిపోతే జీవితాంతం కాపురం చేయాల్సిందే అంటారు. బలవంతంగానో మోసంతోనో జరిగిన పెళ్లిని కోర్టు ద్వారా రద్దు చేయించుకోవచ్చని హిందూ వివాహ చట్టంలోనే ఉంది. మెడలో తాడు పడితే ఇక దారి లేదని నమ్మే పిల్లను ఏ ఆకతాయి అయినా బెదిరించగలడు.

రచయిత: ఈ మాటకు నా దగ్గర సమాధానం లేదు, అక్కయ్యా. తాళి మీద పెట్టిన సన్నివేశం చప్పున పండుతుందని మాకు తెలుసు, అందుకే రాస్తాం. అయితే చట్టం దారి పట్టిన కథలు అసలు లేవనకండి. ‘ఇంటింటి గృహలక్ష్మి’లో తులసి విడాకులు తీసుకుని, సొంత కాళ్ల మీద నిలబడింది. నడివయసు ఇల్లాలు భర్త లేకుండా బతకగలదని 2020 నుంచి ఏళ్ల తరబడి రోజూ చూపించాం. విడాకులన్న మాటే ఎత్తని ఇళ్లలో ఆ సీరియల్ చూశారు.

టీచరు: తులసిని ఒప్పుకుంటాను. అలాంటివి ఇంకో నాలుగు పేర్లు చెప్పు.

రచయిత రెండు పేర్లు చెప్పగలిగాడు. ఐపీఎస్ కావాలనుకునే కోడలి కథ ‘జానకి కలగనలేదు’ ఒకటి. పెళ్లి తప్పించుకుని చదువుకోవడానికి వచ్చిన వసుధార కథ ‘గుప్పెడంత మనసు’ రెండోది. రెండింటిలోనూ మొదట కథను నడిపింది చదువే. కౌమారంలో ఉన్న ఆడపిల్లలు ‘గుప్పెడంత మనసు’ను ఇష్టపడటానికి అది ఒక కారణం. కాలేజీ, తరగతి గది, పరీక్షలు వాళ్లకు తెలిసిన లోకం. అయితే కథ సాగేకొద్దీ చదువు పక్కకు జరిగి, నాయకుడు రిషితో వసుధార ప్రేమ, అతని ఇంటి గొడవలు ముందుకొచ్చాయి.

రచయిత: పిల్లల పెళ్లిళ్ల సంగతి చూడండి మరి. ‘చిన్నారి పెళ్లికూతురు’ అని హిందీ ‘బాలికా వధు’ను తెలుగులోకి అనువదించి మా టీవీలో వేశారు. బాల్య వివాహం తప్పని ఏ ఉపన్యాసమూ చేరని ఇళ్లకు ఆ కథలోని చిన్నారి పెళ్లికూతురు ఆనంది చేరింది.

టీచరు: చేరింది. కానీ 2019–21 సర్వేలో కూడా మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశ సగటు 23.3. ఆనందిని చూసి కన్నీళ్లు పెట్టుకున్న ఇళ్లలోనే పదో తరగతి అవగానే సంబంధాలు చూశారు. ఆనంది రాజస్థాన్‌లో ఉంది, వేరే బట్టల్లో, వేరే ఇంట్లో. మిరప కోతలప్పుడు బడి మానేసి తల్లి వెంట కూలికి వెళ్లే పిల్లను పెట్టి ఆ కథే తీస్తే, అది తమ ఇంటి సంగతని మనవాళ్లకు తెలిసేది.

ఈ మాటతో విషయం సీరియల్లో లేనిదాని మీదికి వస్తుంది. సీరియల్ కుటుంబానికి ఆస్తి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ‘కంపెనీ’ అంటారు, ‘ప్రాజెక్టు’ అంటారు, సంతకం పెట్టాల్సిన కాగితం ఒకటుంటుంది. సత్తెనపల్లి ప్రాంతపు ఇళ్లలో గొడవలు పుట్టే చోట్లు వేరు. కౌలు డబ్బు ముందే కట్టాలి, పురుగుమందుల కొట్లో బాకీ ఉంటుంది, మిరప ధర గుంటూరు యార్డులో పడిపోతుంది. కూతురికి పసుపు కుంకుమ కింద ఇస్తామన్న పొలం అమ్మాలా వద్దా అన్న చర్చ వస్తుంది. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చే సవరణను ఆంధ్రప్రదేశ్ 1986లోనే తెచ్చింది, దేశమంతటికీ అది 2005లో వచ్చింది. నలభై ఏళ్ల నాటి ఆ హక్కు మీద ఒక అన్నా చెల్లెలూ మనస్పర్థ లేకుండా మాట్లాడుకునే సన్నివేశం తెలుగు సీరియళ్లలో దొరకడం కష్టం. తెర మీది గొడవలన్నిటికీ కారణం ఒక మనిషి చెడ్డతనమే అయినప్పుడు, అప్పు వల్లా ధర వల్లా ఇంట్లో వచ్చే చికాకును కూడా పిల్లలు నాన్న చెడ్డతనంగానో అమ్మ గయ్యాళితనంగానో చదువుకుంటారు. ఈ నష్టం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు.

మగపిల్లల సంగతీ అంతే. సీరియళ్ల ప్రభావమంటే అందరూ ఆడపిల్లల గురించే చెబుతారు.

టీచరు: తొమ్మిదో తరగతి మగపిల్లాడు ఆ గదిలోనే ఉంటాడు, ఫోన్ చూస్తున్నట్టు కనిపిస్తాడు గానీ చెవులు ఇటే ఉంటాయి. వాడు నేర్చుకునేది ఏమిటి? అమ్మ మాట వింటే పెళ్లానికి అన్యాయం, పెళ్లాం మాట వింటే అమ్మకు ద్రోహం. మూడో దారి ఉందని వాడికి తెలియదు. నాయకుడు అంట్లు తోమితే అది నవ్వుకునే సన్నివేశమే తప్ప మామూలు సంగతి కాదు.

రచయిత: ఈ ఒక్క విషయంలో మా రచయితల గదిలోనే వాదనలవుతున్నాయి. మగవాళ్ల పాత్రలు బలహీనంగా ఉన్నాయని మాకే తెలుసు. కొడుకు ముందే గట్టిగా నిలబడితే అత్తాకోడళ్ల కథ ఉండదు, అందుకే వాడి నోరు కట్టేస్తాం.

రచయిత తన పక్షానికి చరిత్రనూ తోడు తెచ్చుకుంటాడు. 1960ల్లో యద్దనపూడి సులోచనారాణి నవల ‘సెక్రటరీ’ వచ్చినప్పుడు, అందులోని నాయకుడు రాజశేఖరం లాంటి మొగుడు కావాలని ఆడపిల్లలు కలలు కంటున్నారని పెద్దలు బాధపడ్డారు. ఆ పిల్లలు ఆ కలల వల్ల పాడైపోలేదు, పెళ్లిళ్లు చేసుకుని మామూలుగానే బతికారు. టీచరు దీనికి ఇచ్చే జవాబు తీసిపారేయదగ్గది కాదు. ఆ రోజుల్లో వారపత్రిక పట్టుకున్న పిల్లకు యద్దనపూడి ఒక్కరే దొరకలేదు. భర్తను వదిలి బయటపడే భార్య కథ ‘జానకి విముక్తి’ని రంగనాయకమ్మ రాయడం మొదలుపెట్టిందీ పత్రిక సీరియల్‌గానే. ఈ నేల మీదే ఇంకా వెనక్కి వెళితే, నాటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ గుంటూరులో వితంతు వివాహాలు చేయించి, ఆడపిల్లల చదువుకు శారదా నికేతనం నడిపి, 1922లో వచ్చిన ‘మాలపల్లి’లో సంపన్న రైతు కుటుంబాన్నీ కూలి కుటుంబాన్నీ పక్కపక్కన నిలబెట్టాడు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. పాఠకులకు వేరువేరు కుటుంబాలను పోల్చుకునే వీలుండేది. రాత్రి ఎనిమిదిన్నరకు ఏ చానల్ తిప్పినా అదే హాలు, అవే మెట్లు, అదే పూజగది కనిపిస్తే పోల్చుకోవడానికి ఏముంటుంది?

అదుపు చేయడం గురించి ఇద్దరి అభిప్రాయాలూ విడిపోతాయి. సినిమాకు ముందే ధ్రువపత్రం కావాలి, సీరియల్‌కు అక్కర్లేదు. 1994 కేబుల్ టీవీ నిబంధనల్లోని కార్యక్రమ నియమావళి స్త్రీలను కించపరిచే, మూఢనమ్మకాలను ప్రోత్సహించే దృశ్యాలు వద్దంటుంది. ఫిర్యాదులు వినడానికి ప్రసార సంస్థలు 2011లో ఒక మండలి పెట్టుకున్నాయి. 2021లో మూడంచెల ఫిర్యాదు విధానం నిబంధనల్లో చేరింది. కేరళ మహిళా కమిషన్ కౌమార వయసు పిల్లలనే అడిగి తయారుచేసిన నివేదిక 2024లో చర్చకొచ్చింది. సీరియళ్లను ఇరవై, ముప్పై ఎపిసోడ్లకు పరిమితం చేయాలని, ముందస్తు పరిశీలన ఉండాలని ఆ నివేదిక సిఫారసు చేసింది.

రచయిత: ముందస్తు పరిశీలనకు నేను ఒప్పుకోను. ఆ బల్ల ముందు మొదట ఆగిపోయేది విడాకులు తీసుకున్న తులసే, కొట్టేవాడు కాదు. ఎపిసోడ్ల పరిమితికి మాత్రం రెండు చేతులూ ఎత్తుతాను. ముగింపు ముందే తెలిస్తే మాకూ కథ రాయడం వస్తుంది. కానీ కథ తగ్గితే చానల్‌కు కొత్త సెట్టు, కొత్త నటులు, కొత్త ప్రచారం. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

టీచరు: నాకు పరిశీలన బల్లల మీద ఆశ లేదు. తరగతి గది మీద ఉంది. తెలుగు వాచకంలో కథ చెప్పాక పాత్రల స్వభావం రాయమంటాం. ఒక సీరియల్ సన్నివేశం తీసుకుని, ఇక్కడ ఈమె ఏం అడగొచ్చు, చట్టం ఏమంటుంది, మీ ఇంట్లో అయితే ఎలా జరిగేది అని అడిగితే పిల్లలు పుస్తకంలో పాఠానికన్నా ఉత్సాహంగా మాట్లాడతారు. మగపిల్లలు ముందు నవ్వుతారు, తర్వాత అందరికన్నా ఎక్కువ వాళ్లే మాట్లాడతారు. అశోక్‌కుమార్ చేసిన పని మళ్లీ ఎవరో చేయాలి, టీవీ చేయనంటే బడి చేయాలి.

రచయిత: అయితే ఒక చిక్కు ఉంది అక్కయ్యా. మీ పిల్లలు ఇప్పుడు మొత్తం ఎపిసోడ్ చూడటం లేదు. కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లలో ఉన్నవాళ్లకు టీవీయే లేదు, సెలవులకు ఇంటికొచ్చి ఫోన్‌లో ముక్కలు చూస్తారు. చెంపదెబ్బ కొట్టిన ముప్పై సెకన్లు వేరే పోతాయి, దానికి నలభయ్యో ఎపిసోడ్‌లో పడిన శిక్ష వేరే ఉండిపోతుంది. ఆ ముక్కలు కోసి పెట్టేది మేం కాదు, చానళ్ల ప్రచార విభాగం.

టీచరు: అలాగైతే తరగతిలోనూ ఆ ముప్పై సెకన్ల ముక్కనే తీసుకోవాలి, దాని ముందూ వెనకా ఏముందో పిల్లలతోనే వెతికించాలి. నువ్వు చేయాల్సింది కూడా ఒకటుంది తమ్ముడూ. చెయ్యెత్తే సన్నివేశం రాసినప్పుడు, దాన్ని ఆపే మనిషినీ అదే సన్నివేశంలో పెట్టు. నలభై ఎపిసోడ్ల తర్వాత కాదు. ముక్క కోసినా ఆ మనిషి అందులోనే ఉండాలి.

రచయిత: రాస్తాను. షూటింగులో ఉంచుతారా, ఎడిటింగులో తీసేస్తారా అన్నది మాత్రం నా చేతిలో లేదు.